కొలతకు లొంగని కడుపు

ఆ వీధిలో అందరూ ఆవిడని మాస్టరమ్మ అనే పిలుస్తారు. ముందుగదిలో కుట్టుపని, వెనక రెండు గదుల్లో కాపురం. ముందుగది నడుమ పెద్ద కటింగ్ బల్ల, కిటికీ కింద రెండు మెషిన్లు, మూలన ఇస్త్రీ బల్ల ఉంటాయి. మాస్టరమ్మ మెడలో టేపు పొద్దున లేచిన దగ్గర్నుంచి పడుకునేదాకా అలాగే వేలాడుతుంది. గుమ్మంలోకి మనిషి అడుగుపెట్టగానే ఛాతీ ఎంత, నడుం ఎంత, ఏ భుజం వాలిందో చూసి చెప్పేస్తుంది. ఆ తర్వాత టేపు పెట్టి కొలవడం వచ్చినవాళ్ళ తృప్తి కోసం. ఇన్నేళ్ళలో ఆవిడ కొలత తప్పిందన్నవాళ్ళు లేరు. ఉన్నా ఆవిడ ఎదుట అనే గుండె ఎవరికీ లేదు.

అలాంటి ఆవిడకి కోడలిగా దొరికింది మొండిపిల్ల. ఆ పేరు పెట్టింది మాస్టరమ్మే, అదీ మెచ్చుకుంటూ. ఆ అమ్మాయి మొదట ఆ ఇంటికి కోడలిగా రాలేదు, కాజాలు కుట్టడానికి వచ్చింది. కోటుకి గుండీ దూరే చీలిక ఉంటుంది చూశారూ, దాని అంచు చుట్టూ చేత్తో దగ్గర దగ్గరగా కుట్లు వేయాలి, అదే కాజా. చూడబోతే గోరంత, చేయబోతే కళ్ళు లాగేస్తాయి. వచ్చిన కొత్తలో ఒక కాజా కాస్త వంకర పోయిందని విప్పి, మళ్ళీ కుట్టి, అదీ నచ్చక మళ్ళీ విప్పి కూర్చుంది.

"పోనీలేవే, కోటేసుకునేవాడు కళ్ళజోడు పెట్టుకుని కాజాలు చూసుకుంటాడా?" అంది మాస్టరమ్మ.

"నేను చూశానుగా," అంది ఆ పిల్ల తలెత్తకుండానే.

ఆ జవాబు మాస్టరమ్మకి ఎంత నచ్చిందంటే ఏడాది తిరక్కుండా కొడుకునిచ్చి పెళ్ళి చేసేసింది. కొడుకు ఆ కొట్లోనే ఇస్త్రీ చేస్తాడు. మంచివాడు. మంచివాడంటే, ఏ ఇద్దరు పోట్లాడుకున్నా ఇద్దరిదీ నిజమేనని తలూపే రకం. తల్లి లేని ఆ పిల్లకి అత్తగారు దొరికినందుకు వీధివీధంతా సంతోషించింది. ఆ మొండితనం ఏదో ఒకనాటికి తన మీదికే తిరుగుతుందని మాస్టరమ్మకి అప్పుడు తట్టలేదు.

కోడలికి నెల తప్పిందని తెలిసిన రోజు మాస్టరమ్మ మెషిను ఆపి మరీ వీధంతా చెప్పుకొచ్చింది. వేవిళ్ళు మొదలయ్యాయి. మంచినీళ్ళు తాగినా నిలిచేవి కావు. ఆ రోజుల్లో కోడలి నుదురు పట్టుకుని కూర్చున్నదీ, గిన్నె కడిగి తెచ్చిందీ, కాళ్ళు లాగుతాయని కాలి మెషిను తొక్కనివ్వనిదీ అత్తగారే. తన కుర్చీ కోడలికిచ్చి, గుడ్డపేలికలు కూరి వీపుకో దిండు కూడా కుట్టింది. ఇంతవరకూ ఆవిడకి వంక పెట్టడానికి లేదు. వాంతులు తగ్గి ఆకలి తిరిగొచ్చాకే అసలు కథ మొదలైంది.

ఆకలంటే అలాంటి ఇలాంటి ఆకలి కాదు. ఒకరోజు మధ్యాహ్నం మొండిపిల్ల మూడోసారి అన్నం పెట్టించుకుంటుంటే మాస్టరమ్మ గరిటె పట్టుకునే ఆగిపోయింది. కోడలిని పైనుంచి కిందికి ఒక చూపు చూసింది. భోజనమయ్యాక కటింగ్ బల్ల పక్కన నిలబెట్టి, మెడలోంచి టేపు తీసింది.

"కదలకు."

తుంటి చుట్టూ టేపు తిప్పింది. చూసింది. నమ్మకం చాలక మళ్ళీ తిప్పింది. పెదాలు బిగబట్టింది.

"సన్నం. పెద్ద బిడ్డ పట్టదు."

"పట్టకపోవడమేంటత్తయ్యా, నేనేమన్నా దిండుగలీబునా?"

"నోర్మూసుకుని విను. సంచీ మూతి ఇంతే ఉండి లోపల సరుకు ఇంత ఉంటే బయటికెలా వస్తుందే? మూతి పెద్దది చెయ్యలేం. సరుకే తగ్గించాలి. ఇవాళ్టి నుంచి కాస్త నోరు కట్టుకో. నీ మంచికే చెప్తున్నా."

అదీ ఆవిడ చేసిన తప్పు. ఏ వంటమనిషో, ఏ బడిపంతులో అయితే ఈ తప్పు చేసి ఉండరు. పుట్టి బుద్ధెరిగిన దగ్గర్నుంచి గుడ్డని మనిషికి సరిపెట్టినవాళ్ళకే, కడుపులో బిడ్డని కూడా కొలతకి తగ్గట్టు తయారు చేసుకోవచ్చనిపిస్తుంది. పైగా ఆవిడకి సాక్ష్యం ఇంట్లోనే ఉంది. కొడుకు పుట్టినప్పుడు ఆవిడ చావు అంచులదాకా వెళ్ళొచ్చింది. ఆ తర్వాత మరో కాన్పు లేదు. ఇప్పటికీ కొడుకు మీద కోపమొస్తే ముందు వాడి తల వంకే చూస్తుంది. "ఈ తల! ఈ తలే నన్ను చంపబోయింది," అంటుంది. పాపం, అతను టోపీ కొనుక్కోవడానికి కూడా జంకుతాడు.

ఆ పూట నుంచి కోడలి కంచం చిక్కిపోయింది. అన్నం సగానికి దిగింది. పాలు తాగితే బిడ్డ ఒళ్ళు చేస్తుందని పాలు ఆగాయి, గుడ్డు తింటే ఎముక ముదురుతుందని గుడ్డు ఆగింది. రెండోసారి వడ్డనే లేదు. మిగతావన్నీ మామూలే. ఒంటికి నూలుబట్ట మెత్తగా ఉండాలని ఏరి కుట్టింది, కాళ్ళ కింద పీట వేసింది. అన్నిట్లోనూ ప్రేమే. కంచం దగ్గరికొచ్చేసరికి మాత్రం కత్తెర పడేది.

మొండిపిల్ల మొదట్లో మొండికెయ్యలేదు. ఎందుకెయ్యలేదని అడగొచ్చు. కాన్పంటే అత్తకి తెలుసు, తనకి తెలియదు. అడుగుదామంటే కన్నతల్లి లేదు. తెలియని చీకట్లో ఎవరి చెయ్యి దొరికితే ఆ చెయ్యి పట్టుకుని నడుస్తాం. తనూ అలాగే నడిచింది, కడుపు మాడ్చుకుని.

తిన్న ముద్ద లేచి నిలబడేలోపే అరిగిపోయేది. పక్కింటి పొయ్యి మీద ఏం ఉడుకుతోందో వాసన పట్టి చెప్పగలిగేది. ఆకలి మొదట కడుపులో ఉండేది, తర్వాత కాళ్ళలోకి దిగింది, ఆ తర్వాత కళ్ళలోకి ఎక్కింది. గోళ్ళు తెల్లగా పాలిపోయాయి. మెట్టు ఎక్కితే ఆయాసం. సూదిలోకి దారం ఎక్కించడానికి కిటికీ దగ్గరికి వెళ్ళి, అక్కడ కూడా రెండు సూదులు కనిపించి, ఏది నిజం సూదో తెలియక నిలబడిపోయేది.

ఒక పూట ఎవరిదో కొత్త కోటు చేతికొచ్చింది. కాజా కోసం సుద్దతో గీత గీసుకుని కత్తెర పెట్టింది. పెట్టడమే గుర్తుంది. కళ్ళు బైర్లు కమ్మాయి. తెప్పరిల్లేసరికి కత్తెర గీత దాటి జానెడు మేర లోపలికి పోయింది, కోటు రొమ్ముభాగం బారుగా తెగి ఉంది. ఆ కొట్లో ఎప్పుడూ జరగని పని అది.

మాస్టరమ్మ వచ్చి కోటు చూసింది, కోడలి మొహం చూసింది. తిడుతుందేమో అనుకుంది మొండిపిల్ల. తిట్టినా బాగుండేది.

"వెళ్ళి పడుకో. దీని సంగతి నేను చూసుకుంటాలే," అంది అత్తగారు మెత్తగా.

వెళ్ళి పడుకుంది. రోజూ తను ఒరగగానే లోపల బిడ్డ తన్నడం మొదలుపెట్టేది. ఆ రోజు తన్నలేదు. పక్కకి ఒత్తిగిలింది, చెయ్యి వేసి చూసింది, పిలిచింది కూడా. చాలాసేపటికి ఒక మూల చిన్నగా కదిలినట్టయి మళ్ళీ ఆగింది. అప్పుడు పట్టుకుంది ఆ పిల్లని భయం. కోటు పాడైతే ఇంకో కోటు కుట్టొచ్చు. లేచి చెప్పులేసుకుని ఇస్త్రీ బల్ల దగ్గరికి వెళ్ళి, "పెట్టె దించండి, ఆస్పత్రికి వెళ్దాం," అంది మొగుడితో. అతను ఎందుకని కూడా అడగలేదు, ఆ మొహం అలా ఉంది.

ఆస్పత్రిలో నర్సుది పెద్ద గొంతు. ఆవిడ గుసగుసలాడినా వసారా చివరిదాకా వినిపిస్తుంది. కనురెప్ప కిందికి లాగి చూసింది, గోళ్ళు చూసింది, వేలు పొడిచి రక్తం తీసింది, బరువు చూసింది. డాక్టరమ్మ వచ్చి బిడ్డ గుండె విని, బాగానే కొట్టుకుంటోందని చెప్పి వెళ్ళింది. అంతవరకూ మొండిపిల్ల ఊపిరి బిగబట్టే ఉంది. నర్సు ఆమె పొట్ట మీద పైనుంచి కిందికి కొలిచి, మళ్ళీ కొలిచింది.

"ఎన్నో నెలన్నావ్?"

"ఏడు పడిందండీ."

"పొట్ట అలా చెప్పట్లేదే. బిడ్డ చిన్నగా ఉంది. నీ ఒంట్లో ఉండాల్సిన రక్తం లేదు. ఏం తింటున్నావమ్మా?"

చెప్పింది. నర్సు మొగుడి వైపు తిరిగింది. "ఏవయ్యా, మీ ఇంట్లో కరువొచ్చిందా?"

"లేదండీ. కొలత..." అన్నాడతను నసుగుతూ.

"ఏం కొలత?"

సంగతంతా విన్నాక నర్సు కుర్చీ లాక్కుని మొండిపిల్ల ఎదురుగా కూర్చుంది. గొంతు తగ్గించాననుకుని చెప్పింది గానీ, వసారాలో ఉన్న ఆడవాళ్ళందరూ విన్నారు.

"చూడమ్మా. తుంటి పైన టేపు పెడితే లోపలి దారి తెలీదు. నువ్వు పస్తున్నంత మాత్రాన కాన్పు తేలికైపోదు. బిడ్డకి బలం పోతుంది, నీకు రక్తం పోతుంది, అంతే. కాన్పులో ఎవరికైనా కాస్తో కూస్తో రక్తం పోకుండా ఉండదు. ఒంట్లో ఉన్నవాళ్ళు తట్టుకుంటారు. నీలా ఖాళీ చేసుకుని వస్తే నేనేం చెయ్యను, డాక్టరమ్మేం చేస్తుంది?" మాత్రల పొట్లం తీసి ఆమె చేతిలో పెట్టింది. "ఒకేసారి తినలేకపోతే కొంచెం కొంచెం మాటిమాటికీ తిను. గుడ్డు, పప్పు, ఆకుకూర, పాలు, పండు, ఏది దొరికితే అది. రక్తం పట్టడానికి ఈ మాత్ర రోజూ వేసుకో. టీతో వేసుకోకు, నిమ్మకాయ నీళ్ళతో వేసుకో. కాస్త కడుపు బిగదీస్తుంది, మానెయ్యకు, నీళ్ళు బాగా తాగు. రోజంతా వంగి కూర్చోకుండా లేచి నాలుగడుగులు వెయ్యి. బిడ్డ కదలడం తగ్గిందనిపిస్తే మాత్రం పగలనక రాత్రనక పరుగెత్తుకురా."

మొండిపిల్ల ఇంటికి వచ్చి ఒక్క మాట పోకుండా అత్తగారికి అప్పజెప్పింది. మాస్టరమ్మ గుడ్డ మీద గీత గీయడం ఆపకుండానే వింది.

"ఆ నర్సుకేం తెలుసు? నేను కళ్ళతో చూసినదాన్ని," అంది. "మాత్రలు వేసుకో, కాదన్ను. తిండి మాత్రం నే పెట్టినంతే."

చెప్పేవాళ్ళకి వినేవాళ్ళు లోకువంటారు. ఇన్నాళ్ళూ విన్నది తనే కదా. ఆ మధ్యాహ్నం మొండిపిల్ల వంటింట్లో కూర్చుని ఖాళీ కంచం వంక చాలాసేపు చూసింది.

సాయంత్రం మొగుడు ఇస్త్రీ చేసిన చొక్కాల దొంతర మోసుకుంటూ లోపలికి వచ్చాడు. అటూ ఇటూ చూసి, మధ్య చొక్కా మడతలోంచి కాగితంలో చుట్టిన ఉడికించిన గుడ్డు తీసి ఆమె చేతిలో పెట్టాడు. గుడ్డు ఇంకా వెచ్చగా ఉంది.

"అమ్మ చూడకముందు తినెయ్. రోజూ ఒకటి తెస్తాలే," అన్నాడు లోగొంతుకతో.

ఆమె నోట్లో నీళ్ళూరాయి. కానీ తినలేదు.

"ఏవండీ, ఈ ఇల్లెవరిది?"

"మనదే."

"ఈ కడుపులో ఉన్నదెవరి బిడ్డ?"

"అదేం ప్రశ్న? మన బిడ్డే."

"మరి నేనేమన్నా దొంగనా, చొక్కాల చాటున నక్కి తినడానికి?"

"అది కాదే, అమ్మ బాధపడుతుందనీ..."

"పడనివ్వండి. నా బిడ్డకి దొంగతిండి నేను పెట్టను."

చేతులు కడుక్కుంది. గుడ్డు పట్టుకుని తిన్నగా ముందుగదిలోకి నడిచింది. మాస్టరమ్మ ఎవరిదో పెళ్ళిబట్ట పరిచి కత్తిరిస్తోంది. ఎదురుగా కుర్చీ లాక్కుని బల్ల అంచు దగ్గర కూర్చుని, పెంకు ఒలిచి, అత్తగారి కళ్ళలోకి చూస్తూ కొరికింది.

ఆ బల్ల మీద ఇన్నేళ్ళలో తిండన్నది పెట్టి ఎరగరు. మంచినీళ్ళ గ్లాసు పెట్టినా మాస్టరమ్మ ఊరుకునేది కాదు. ఒక్క మరకతో కొట్టు పేరు పోతుందని ఆవిడ నియమం. కత్తెర గుడ్డ మధ్యలో ఆగిపోయింది.

"లే అక్కణ్ణించి. మరకలవుతాయి."

"కావత్తయ్యా. చేతులు కడుక్కునే వచ్చాను. తిన్నాక మళ్ళీ కడుక్కుంటాను."

"లోపలికెళ్ళి తిని ఏడు."

"లోపల తింటే మీరు చూడరుగా. మీరు చూడాలి. ఈ గుడ్డు నేను తింటున్నాను. రేపు ఇంకోటి తింటాను. పాలూ తాగుతాను. రెండోసారి వడ్డించుకుంటాను. మీరు పెట్టకపోతే నేనే పెట్టుకుంటాను."

మాస్టరమ్మ కత్తెర బల్ల మీద పెట్టి లోపలికి వెళ్ళిపోయింది. వెళ్తూ వెళ్తూ కొడుకు తల వంక ఒక చూపు చూసింది.

ఆ రోజు నుంచి అత్తాకోడళ్ళకి మాటల్లేవు. మాటల్లేవంటే మాట్లాడలేదని కాదు. "ఒరేయ్, మీ ఆవిడతో చెప్పు, పప్పు పొంగుతోందని," అనేది అత్త. "ఏవండీ, మీ అమ్మగారితో చెప్పండి, దించేశానని," అనేది కోడలు. ముగ్గురూ ఆ గదిలోనే ఉండేవారు. "విన్నారుగా," అనేవాడతను ఇద్దరితో కలిపి, ఇస్త్రీ పెట్టె ముందుకూ వెనక్కూ తోస్తూ. మనుషులు చాలనప్పుడు మాస్టరమ్మ మెషినుతో మాట్లాడేది. "చూశావా, బల్లలు భోజనాల బల్లలయ్యాయి," అని దానికి చెప్పి చక్రం తిప్పేది.

మొండిపిల్ల తన వంట తను చేసుకుంది. ఆకుకూర వేసిన పప్పుతో అన్నం, పెరుగు, ఏదో ఒక పండు. పూటకీ పూటకీ మధ్య మళ్ళీ వేరుశనగపప్పులో, పాలో. ఏది తిన్నా ఆ బల్ల అంచునే, కింద శుభ్రమైన గుడ్డ పరుచుకుని. కొట్టుకి వచ్చిపోయేవాళ్ళు వింతగా చూసేవారు.

"ఏమ్మా, ఇద్దరికి కలిపి తింటున్నావా?" అని నవ్వింది ఒకావిడ.

"ఇన్నాళ్ళూ ఇద్దరం కలిసే పస్తున్నామండీ. ఇప్పుడు ఇద్దరం కలిసి తింటున్నాం," అంది మొండిపిల్ల నోట్లో ముద్ద మింగి. మెషిను మీద మాస్టరమ్మ కాలు ఒక్కసారి ఆగి, మళ్ళీ ఆడింది.

ఆమెకి భయం లేదనుకోకండి. అత్తగారి చేతిలో టేపు ఏనాడూ తప్పలేదు. ఈసారీ తప్పకపోతే? తను పెంచుకుంటున్న ఈ బిడ్డే తన ప్రాణం మీదికి వస్తే? ప్రతి ముద్దకీ ఆ ఆలోచన వచ్చేది. భయపడుతూనే నమిలేది, భయపడుతూనే మింగేది. ధైర్యం వచ్చాక తిందామని కూర్చుంటే బిడ్డ ఆగదు కదా.

రోజులు గడిచాయి. గోళ్ళకి కాస్త రంగొచ్చింది. లోపల బిడ్డ తన్నులు పెరిగాయి. అప్పుడొచ్చిందొక తల్లి, బడిబట్టలు కుట్టించడానికి కూతుర్ని వెంటబెట్టుకుని. మాస్టరమ్మ కొలతలు తీసింది. పని దగ్గర పట్టింపులు పెట్టుకోదు ఆవిడ, అందుకే ఎన్నాళ్ళకో కోడలి వంక చూసి తిన్నగా మాట్లాడింది.

"చేతుల దగ్గరా, కింద అంచు దగ్గరా లోపలికి బాగా గుడ్డ వదిలి కుట్టు. ఎదిగే పిల్ల."

"అలాగే," అంది మొండిపిల్ల. ఆ తల్లీకూతుళ్ళు వీధి మలుపు తిరిగేదాకా ఆగింది. ఆ తర్వాత ఆగలేదు.

"అత్తయ్యా, ఊళ్ళో పిల్లలందరికీ ఎదుగుతారని గుడ్డ వదులుతారు. మీ ఇంటి బిడ్డ ఒక్కటే ఎదక్కూడదా? ఏం పాపం చేసిందని?"

మాస్టరమ్మ మొహం కందగడ్డయింది. ఇన్నాళ్ళు బిగబట్టిందంతా ఒక్కసారిగా బయటికొచ్చింది.

"బిడ్డ మీద నాకు పగా? నీ గురించే! వీడు పుట్టినప్పుడు నా పక్క మంచం మీద ఒక పిల్ల ఉండేది. నీ ఈడుదే, నీలాగే సన్నగా. పొద్దున నాతో నవ్వుతూ మాట్లాడింది. సాయంత్రానికి మంచం మీద దుప్పటి మార్చేశారు. బిడ్డ ఇరుక్కుందన్నారు. నేను చూశానే! ఏ రాత్రి కళ్ళు మూసుకున్నా ఆ దుప్పటే. నువ్వు పోతే నేనేమైపోవాలి? చెప్పు!"

టేపు చివర కళ్ళకి అద్దుకుని, అది టేపని తెలిసి విసిరికొట్టింది. అత్తగారు ఏడవగా మొండిపిల్ల ఎన్నడూ చూడలేదు. దగ్గరికి వెళ్ళి చెయ్యి పట్టుకుంది. కానీ మెత్తబడలేదు.

"ఆ పిల్ల ఏం తినేదో అడిగారా అత్తయ్యా?"

మాస్టరమ్మ రెండో చేత్తో కింద పడ్డ టేపు తీసుకుంది.

"తింటే చస్తానేమోనని మీ భయం. తినకపోతే చస్తానని ఆస్పత్రివాళ్ళంటున్నారు. మీ భయం నాకు చెప్తే నేనేం చెయ్యగలను? నాకూ భయంగానే ఉంది. రేపు నాతో రండి. తెలిసినవాళ్ళనే అడుగుదాం. అడిగేదాకా మాత్రం నేను తింటూనే ఉంటాను."

మర్నాడు మాస్టరమ్మ వెళ్ళింది. వెళ్ళడం వెళ్ళడమే నర్సు మీదికి యుద్ధానికి వెళ్ళినట్టు వెళ్ళింది. ఇద్దరి గొంతులూ కలిసి వసారా దద్దరిల్లింది. తుంటి కొలత చెప్పింది, సంచీ మూతి సంగతి చెప్పింది. నర్సు ఓపిగ్గా విని, రక్తపరీక్ష కాగితం చూపించి, కోడలికి రక్తం పెరిగిందని చెప్పింది.

"అదంతా సరే. పట్టకపోతే? ఇరుక్కుంటే? అప్పుడేం చేస్తారు?" అంది మాస్టరమ్మ.

"కోసి తీస్తాం పెద్దమ్మా. తీసి కుట్టేస్తాం. కోయడం, కుట్టడం మీకు తెలియని పనా?"

మాస్టరమ్మ ముందుకు వంగింది. "ఎన్ని పొరలు?" అంది. నర్సు చెప్పింది. "పొరకి పొర విడిగా కుడతారా, కలిపి లాగేస్తారా?" నర్సు నవ్వాపుకుని అదీ చెప్పింది. లోపలి దారం విప్పక్కర్లేదని, దానంతటదే కరిగిపోతుందని విన్నప్పుడు మాత్రం ఆవిడ కళ్ళు పెద్దవయ్యాయి.

ఇద్దరూ ఇంటిదారి పట్టారు. ఇంటి గుమ్మం ఎక్కుతూ, "కరిగిపోయే దారమట!" అని తనలో తను అనుకుంది మాస్టరమ్మ.

దాంతో మారిపోయిందని చెబితే అబద్ధమవుతుంది. ఓడిపోయానని ఆవిడ అనలేదు, కోడలూ అనిపించుకోవాలని చూడలేదు. వడ్డించడమూ మొదలుపెట్టలేదు. కటింగ్ బల్ల మీద ఆ అంచున గుడ్డలు పెట్టడం మాత్రం మానేసింది. మాటలు మళ్ళీ కలిశాయి. కొడుక్కి కాస్త ఊపిరాడింది. మొండిపిల్ల నెలలు నిండేదాకా అక్కడే కూర్చుని తిన్నది, మాత్రలు మింగింది, సాయంత్రాలు వీధి ఆ చివరిదాకా నడిచింది.

నొప్పులు పొద్దున్నే మొదలయ్యాయి, ఆస్పత్రిలో చేర్చారు. ఎండ ఎక్కింది, దిగింది, బిడ్డ మాత్రం దిగలేదు. తల తిరగాల్సిన వైపు తిరగలేదని, ఇక ఆగితే ప్రమాదమని డాక్టరమ్మ వచ్చి చెప్పింది. ఆపరేషన్ గదిలోకి తీసుకెళ్తుంటే మొండిపిల్ల అత్తగారి వంక చూసింది. మాస్టరమ్మ గోడకి ఆనుకుని నిలబడి ఉంది, పెదాలు కదులుతున్నాయి గానీ మాట రావడం లేదు. "చెప్పానా" అనలేదావిడ. ఆ ఒక్కదానికీ మెచ్చుకోవాలి.

ఆడపిల్ల పుట్టింది. బొద్దుగా ఉంది. నర్సు గొంతుకి పోటీ వచ్చే గొంతు. తల్లికి మాత్రం అనుకున్నదానికంటే ఎక్కువ రక్తం పోయింది. డాక్టరమ్మ బయటికి వచ్చేసరికి బాగా అలిసిపోయి ఉంది.

"గట్టెక్కింది," అంది. "ఏడో నెలలో ఉన్న రక్తంతోనే ఈ బల్ల మీదికి వచ్చి ఉంటే నేను మాటివ్వలేకపోయేదాన్ని. బాగా తిని వచ్చింది. అదే కాపాడింది."

మర్నాటికి మొండిపిల్ల లేచి కూర్చుంది. మాస్టరమ్మకి మాట తిరిగొచ్చింది, మాటతోపాటు పాత దర్జా కూడా. వార్డులో వాళ్ళకీ వీళ్ళకీ వినబడేలా చెప్పుకుంటోంది, సన్నటి తుంటి అని తను ముందే కొలిచానని. బిడ్డ తల తిరగకపోవడానికీ తుంటికీ సంబంధం లేదని నర్సు రెండుసార్లు చెప్పి చూసింది, వింటేనా.

"నా టేపు తప్పుతుందా! పట్టదని ఆనాడే చెప్పాను. పట్టిందా?"

మొండిపిల్ల దిండుకి ఆనుకుని, కుట్లు లాగుతుంటే పళ్ళు బిగబట్టి, సర్దుకుని కూర్చుంది.

"పోనీ అత్తయ్యా, మీ కొలతే నిజమనుకుందాం."

"అనుకునేదేంటి, నిజమే."

"నిజమే. పట్టలేదు. కోశారు. రక్తం పోయింది. మీరు పెట్టినంతే తిని ఇక్కడికి వచ్చుంటే నేనేమయ్యేదాన్ని?"

మాస్టరమ్మ చెయ్యి తనకి తెలియకుండానే మెడ మీది టేపు దగ్గరికి వెళ్ళి, దాన్ని ముట్టుకోకుండా ఆగింది. కోడలి మొహం, ఆ తెల్లదుప్పటి, ఒళ్ళో గుక్కపట్టిన మనవరాలు, అన్నీ ఒక్కసారి చూసింది.

"అంటే... నేను..." అంది.

ఇంకొకరైతే అక్కడ జాలిపడి, పోనీలెండి అత్తయ్యా అని ఉండేవారు. మొండిపిల్ల అనలేదు. అనాలని లేక కాదు, అది అబద్ధమవుతుంది కనక.

"పోయేదాన్ని అత్తయ్యా," అంది మెల్లిగా. ఇంటి నుంచి తెచ్చిన కంచం అత్తగారి ముందుకి జరిపింది. "నర్సు తినొచ్చంది. పెట్టండి. ఆకలేస్తోంది."

మాస్టరమ్మ కళ్ళు తుడుచుకుని గిన్నె మూత తీసింది. చాలు అనేదాకా పెడదామని గరిటె పట్టుకుని కూర్చుంది. మొండిపిల్ల చాలాసేపటిదాకా చాలు అనలేదు.